రాయలసీమ రోడ్లకు ఏ గీత? పెయింట్, థర్మోప్లాస్టిక్, కోల్డ్ ప్లాస్టిక్‌ల మధ్య ఎంపిక

గీత ఎన్నేళ్లు నిలుస్తుందని అడిగేముందు, దాని కిందున్న రోడ్డు ఎన్నేళ్లు నిలుస్తుందో కనుక్కోవాలి. కొటేషన్లు తెప్పించుకునేవాళ్లలో చాలామంది వదిలేసే ప్రశ్న ఇదే. ఆర్నెల్లలో పైపులైను కోసం తవ్వబోయే కర్నూలు వీధిలో రెండున్నర మిల్లీమీటర్ల థర్మోప్లాస్టిక్ (వేడికి కరిగించి పోసే మందపాటి గీత) పోయించడమంటే డబ్బును మట్టిపాలు చేయడమే. రాత్రింబవళ్లు లారీలు తిరిగే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెయింట్‌తో సరిపెట్టడం కూడా అంతే దండగ. ఏ సరుకైనా తన చోట మంచిదే, చోటు తప్పితేనే చెడ్డది.

మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో రోడ్డు పనులు చూసేవాళ్లకు, చిన్న కాంట్రాక్టర్లకు, ఫ్యాక్టరీ యార్డులకూ కాలేజీలకూ గీతలు వేయించాల్సినవాళ్లకు ఈ పోలిక ఉపయోగపడుతుంది. బేరం మొదలుపెట్టే ముందు మూడు సంగతులు కాగితం మీద పెట్టుకోండి. పైపొర ఏది: డాంబరా, సిమెంటా, బండలా? మళ్లీ తవ్వేదీ, కొత్త పొర వేసేదీ ఎప్పుడు? ఆ రోడ్డు మీద పడే మురికి ఏది? ఈ మూడో ప్రశ్న మిగతా జిల్లాల్లో అంత ముఖ్యం కాకపోవచ్చు. తాడిపత్రి, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల మాత్రం సున్నపురాయి, సిమెంటు దుమ్ము, ఆదోని, ఆలూరు వైపు ట్రాక్టరు టైర్లు మోసుకొచ్చే నల్లరేగడి బురద గీత ఆయుష్షులో సగం తామే తేలుస్తాయి.

పెయింట్: చవక, కానీ లెక్క వేసుకునే పెట్టాలి

రోడ్డు మధ్యలో గీత గీయడం 1911లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, వేన్ కౌంటీలో ఎడ్వర్డ్ హైన్స్ చొరవతో మొదలైందని చెబుతారు. 1917లో కాలిఫోర్నియాలో జూన్ మెకారల్ అనే డాక్టరమ్మ తన ఊరి రోడ్డు మీద తెల్లగీత వేసింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా పెయింట్ బలహీనత ఒక్కటే. పొర పల్చన, టైరు దాన్ని రోజూ రుద్దుతుంది.

మన దగ్గర దొరికే పెయింట్ రెండు రకాలు. ఆల్కిడ్ లేదా క్లోరినేటెడ్ రబ్బరు కలిసిన సాల్వెంట్ (ఆరేటప్పుడు ఎగిరిపోయే ద్రావకం) పెయింట్ పాతది. కొనేటప్పుడు డబ్బా మీద రోడ్డు పెయింట్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 164 గుర్తు చూసుకోవాలి. రెండోది నీళ్ల ఆధారిత ఆక్రిలిక్. ఇందులో అమ్మోనియా ఎగిరిపోగానే పెయింట్ క్షారగుణం తగ్గి, ఆక్రిలిక్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని పైపొర త్వరగా గట్టిపడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఈ పని నిదానిస్తుంది. కోస్తాలో ఇబ్బంది పెట్టే ఈ గుణం మన పొడిగాలికి అనుకూలిస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అనంతపురంలో నీళ్ల పెయింట్ సాల్వెంట్ పెయింట్‌కు ఏమాత్రం తీసిపోదు. పైగా సాల్వెంట్ వాసన ఉండదు, నిప్పు భయం ఉండదు.

లెక్క ఇలా. తడి పొర 400 మైక్రాన్లు (0.4 మి.మీ.) ఉండాలంటే చదరపు మీటరుకు 0.4 లీటరు పడుతుంది. 150 మి.మీ. వెడల్పు గీత కిలోమీటరు పొడవునా వేస్తే 150 చదరపు మీటర్లు, అంటే 60 లీటర్లు. 20 లీటర్ల డ్రమ్ములు మూడు. కాంట్రాక్టరు రెండు డ్రమ్ములతో కిలోమీటరు ముగించాడంటే పొర పల్చనైందన్నమాట. థిన్నరు ఎక్కువ కలిపినా అంతే. చూడ్డానికి గీత తెల్లగానే ఉంటుంది, ఆరాక మిగిలే గట్టి పొర సగమే. దువ్వెనలాంటి పళ్లున్న తడి పొర గేజీ ఒకటి దొరుకుతుంది, ఖరీదు తక్కువ. గీత మీద అక్కడక్కడా గుచ్చి చూస్తే నిజం అప్పటికప్పుడే బయటపడుతుంది.

పెయింట్ ఎప్పుడు లాభం? ఊహకు ఒక లెక్క వేద్దాం. పెయింట్ ఖర్చు 1 అనుకోండి, థర్మోప్లాస్టిక్ 4 అనుకోండి. బస్సులు, లారీలు ఆగకుండా తిరిగే కూడలిలో పెయింట్ ఆరు నెలలకే చెరిగిపోతే మూడేళ్లలో ఆరుసార్లు వేయాలి. పెయింట్ ఖర్చే 6 అవుతుంది, ప్రతిసారీ ట్రాఫిక్ ఆపే తలనొప్పి అదనం. అదే పెయింట్ పల్లె రోడ్డు మీద ఏడాదిన్నర నిలిస్తే మూడేళ్లకు రెండు దఫాలు చాలు, ఖర్చు 2. మీ కొటేషన్లలో ఉన్న అసలు ధరలతో ఈ లెక్క మళ్లీ కట్టుకోండి. సరుకు ధర ఒక్కదాన్ని పట్టుకుని తేలిస్తే లెక్క తప్పుతుంది.

థర్మోప్లాస్టిక్: మన రోడ్లకు అసలు సరుకు

జాతీయ, రాష్ట్ర రహదారుల మీద కనిపించే మందపాటి గీతల్లో చాలావరకు ఇవే. సంచుల్లో పొడిగా వచ్చే సరుకును బాయిలర్‌లో కరిగించి, షూ (అడుగున సందున్న పెట్టె) గుండా రోడ్డు మీదికి వదులుతారు. అమెరికాలో 1950ల చివర్లో వాడకం పెరిగింది. మన దేశంలో నియమాలు రెండు చోట్ల చూడాలి: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 35, కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో 803 క్లాజు. ఐఆర్‌సీ 35 మొదట 1970లో వచ్చింది, 1997లో ఒకసారి, 2015లో రెండోసారి మార్చారు.

803 ప్రకారం తెల్ల సరుకులో బైండరు (మిగతావాటిని పట్టి ఉంచే రెసిన్) కనీసం 18 శాతం, గాజు పూసలు 30 నుంచి 40 శాతం, తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ కనీసం 10 శాతం ఉండాలి. సున్నపు పొడి వగైరా ఫిల్లరు 42 శాతం దాటకూడదు. చవక సరుకులో జరిగే మోసం ఇక్కడే. టైటానియం, పూసలు తగ్గించి సున్నపు పొడి పెంచుతారు. తొలి నెల ఎవరికీ తేడా తెలియదు. తర్వాత గీత బూడిదరంగుకు తిరుగుతుంది, రాత్రి వెలగదు. సంచితో పాటు వచ్చే టెస్టు సర్టిఫికెట్‌లో బ్యాచ్ నంబరు, సంచి మీది నంబరు ఒకటేనా అని చూడండి.

మెత్తబడే ఉష్ణోగ్రత కూడా మనకు ముఖ్యం. నియమం 102.5 డిగ్రీలు, అటూ ఇటూ 9.5. అంటే 93 నుంచి 112 దాకా ఏదైనా పాసే. వేసవిలో గాలి 43, 44 డిగ్రీలుంటే డాంబరు పైభాగం 60 దాటుతుంది. 93 దగ్గరున్న సరుకు కరగదు గానీ జిగటెక్కి టైర్ల మురికినంతా పట్టుకుంటుంది. రాయలసీమకు 105 పైన ఉన్న సరుకే అడగండి. ధరలో తేడా తక్కువ, నలుపెక్కడంలో తేడా చాలా ఎక్కువ.

బైండరు రెండు రకాలు: హైడ్రోకార్బన్ రెసిన్, ఆల్కిడ్. హైడ్రోకార్బన్ వేడికి బాగా తట్టుకుంటుంది, ఆయిల్‌కు లొంగుతుంది. ఆల్కిడ్ ఆయిల్‌కు తట్టుకుంటుంది, ఎక్కువసేపు వేడి చేస్తే రంగు మారుతుంది. అందుకని పొడవాటి రహదారి గీతలకు హైడ్రోకార్బన్, బస్టాండ్లు, సిగ్నళ్లు, టోల్ గేట్ల దగ్గర ఆల్కిడ్ నయం. ఈ రెంటినీ ఒకే బాయిలర్‌లో కలపకూడదు. కలిపితే ముద్ద కట్టి షూ మూసుకుపోతుంది. నిన్నటి రకం అడుగున ఉండగా ఇవాళ వేరే రకం పోయడం కూడా కలపడమే.

పని వేడి సాధారణంగా 170 నుంచి 200 డిగ్రీల మధ్య ఉంటుంది, సంచి మీద తయారీదారు రాసిందే చివరి మాట. మంట కింద నుంచి తగులుతుంది కాబట్టి కలపడం ఆపితే అడుగున మాడుతుంది, బరువైన పూసలు, ఫిల్లరు అడుగుకు దిగుతాయి. 220 దాటాక తెలుపు గోధుమరంగుకు మళ్లుతుంది. పసుపు ఇంకా ముందే చెడుతుంది. మాడిన సరుకు ఆరాక పెళుసుగా ఉంటుంది, చలికాలం తెల్లవారుజామున లారీ ఎక్కితే చిట్లుతుంది. సాయంత్రం మిగిలిన సరుకును మర్నాడు ఒకసారి మళ్లీ కరిగిస్తే పర్లేదు, రెండోసారి వద్దు. బాయిలర్ మీటరు చాలాచోట్ల పనిచేయదు. చేతి థర్మామీటరు పెట్టి చూడమని పట్టుబట్టండి.

సరుకు లెక్క: సాంద్రత సుమారు 2. రెండున్నర మి.మీ. మందానికి చదరపు మీటరుకు 5 కిలోలు. 150 మి.మీ. గీత కిలోమీటరుకు 750 కిలోలు, అంటే 25 కిలోల సంచులు 30. ఒక్కో సంచి 33 మీటర్లు వస్తుంది. 100 మి.మీ. గీతకైతే 50 మీటర్లు. ఇది నున్నటి డాంబరు మీద. కంకర చిప్స్ పైకి తేలిన గరుకు రోడ్డు మీద పల్లాలు నిండటానికే బోలెడు సరుకు పోతుంది, పావు వంతు అదనం అనుకోండి. ఈ అదనం టెండరులో రాయకపోతే కాంట్రాక్టరు దాన్ని మందం తగ్గించి రాబట్టుకుంటాడు.

డాంబరు మీద ఈ గీత వేడికి పైపొరతో కలిసిపోయి అతుక్కుంటుంది. సిమెంటు మీద అలా కలిసేది లేదు, ప్రైమరు (గీత పట్టడానికి ముందు కొట్టే పూత) తప్పనిసరి. అరిగి రాళ్లు బయటపడ్డ పాత డాంబరుకు కూడా ప్రైమరు కొట్టాలి. ప్రైమరు ఆరకముందే గీత పోస్తే లోపలి సాల్వెంటు ఉడికి బుడగలై పైకి వస్తుంది. గీత మీద సూది గుచ్చినట్టు చిల్లులు కనిపిస్తే కారణం ఇది గానీ, రోడ్డులో తేమ గానీ అయివుంటుంది. కొత్త సిమెంటు రోడ్డైతే 28 రోజులు ఆగి, తేమ ఆరిపోకుండా పైన కొట్టిన క్యూరింగ్ కాంపౌండునూ తేలిన సిమెంటు పాలనూ గీకి తీయాలి. గ్రామాల సిమెంటు రోడ్ల మీద గీతలు పెచ్చులుగా లేవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం, తిట్లు మాత్రం సరుకుకు పడతాయి.

కొత్త డాంబరు మీద కనీసం రెండు వారాలు ఆగితే మంచిది. తొందరపడితే డాంబరులోని నూనె పైకి వచ్చి తెల్లగీత పసుపు మరకలతో కనిపిస్తుంది. పాత పెయింట్ మీద థర్మోప్లాస్టిక్ వేయించకండి. గీత పెయింట్‌కు అతుక్కుంటుంది, పెయింట్ రోడ్డును వదిలేస్తుంది, రెండూ కలిసి లేస్తాయి. గట్టిగా ఉన్న పాత థర్మోప్లాస్టిక్ మీద కొత్తది పోయవచ్చు. అక్కర్లేని పాత గీత మీద నల్ల పెయింట్ పూసి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వానరాత్రి హెడ్‌లైటు పడగానే ఆ నల్లగీత కూడా మెరుస్తుంది, డ్రైవరుకు రెండు దారులు కనిపిస్తాయి. పాత గీతను గ్రైండరుతో తీసేయాలి.

తోపుడు మిషనా, లారీ మిషనా?

చేత్తో తోసే మిషనులో షూ సందును బట్టి మందం, మనిషి నడకను బట్టి అంచు. తొందరగా తోస్తే గీత చిరుగుతుంది. ఆగి ఆగి తోస్తే ఆగిన చోటల్లా గుబ్బ కడుతుంది. కూడళ్లు, జీబ్రాలు, కొన్ని కిలోమీటర్ల పట్టణ రోడ్లకు ఇది చాలు. లారీకి బిగించిన మిషను రోజుకు కిలోమీటర్ల కొద్దీ ఒకే మందంతో వేస్తుంది, కానీ దాన్ని రప్పించే ఖర్చు చిన్న పనికి గిట్టదు.

స్ప్రే థర్మోప్లాస్టిక్ మధ్యస్థం. 1.5 మి.మీ. పొరకు కిలోమీటరుకు 450 కిలోలు, 18 సంచులే. పాత గీత మందం ఇంకా మిగిలుండి వెలుగు మాత్రమే తగ్గిన రహదారికి ఇది సరిగ్గా సరిపోతుంది. రెండున్నర మి.మీ. రేటు రాసి స్ప్రే కొట్టించుకోకుండా మాత్రం చూసుకోండి.

గాజు పూసలు: రాత్రి వెలుగంతా వీటిదే

పగలు చూసి గీత బాగుందని బిల్లు పాస్ చేయడం చాలాచోట్ల జరిగేదే. రాత్రి డ్రైవరుకు గీతను చూపించేది పెయింట్ కాదు, దాని మీద సగం మునిగి సగం తేలిన గాజు పూసలు. హెడ్‌లైటు వెలుగు పూసలోకి దూరి, వెనక తెల్లరంగుకు తగిలి, వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. పూస వ్యాసంలో సగం నుంచి అరవై శాతం దాకా మునగాలి. ఎక్కువ మునిగితే వెలగదు, తక్కువ మునిగితే వారం తిరిగేలోపు టైరు ఊడబీకుతుంది.

సరుకులో కలిసొచ్చే పూసలు పైపొర అరిగాకే బయటపడతాయి. మొదటి రోజు నుంచి వెలగాలంటే పైన చల్లాలి. నియమం చదరపు మీటరుకు 250 గ్రాములు, అంటే మన కిలోమీటరు గీతకు 37.5 కిలోలు. పూసల పెట్టె షూకు ఎంత దూరంలో ఉందన్నదే ఇక్కడ కీలకం. దగ్గరైతే మరీ వేడి సరుకులో మునిగిపోతాయి. దూరమైతే పైన దొర్లి రోడ్డు పక్కకు పోతాయి. మే నెలలో రోడ్డే కాలుతూ ఉంటుంది కాబట్టి సరుకు నిదానంగా గట్టిపడుతుంది. జనవరి ఉదయం సరిపోయిన దూరం మే మధ్యాహ్నం సరిపోదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం గాలి సంగతి అందరికీ తెలిసిందే. గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలిలో చేతితో చల్లిన పూసలు గీత మీద పడవు. పెట్టెకు మూడువైపులా రేకు అడ్డం కట్టించండి, లేదా గాలి లేవకముందే తెల్లవారుజామున పని ముగించండి. ఆ గాలే ప్రైమరు మీద దుమ్ము కూడా పోస్తుంది.

రాత్రి వెలుగును కొలిచే మిషను రెట్రోరిఫ్లెక్టోమీటరు. కారు డ్రైవరు 30 మీటర్ల ముందున్న గీతను చూసే కోణంలో కొలుస్తుంది. గంటకు 65 కి.మీ. లోపు వేగానికి కొత్తగీత 200 మిల్లీకాండెలాలు, 65 నుంచి 100 దాకా 250, అంతకు పైన 350 ఉండాలన్నది 803లోని లెక్క. మిషను లేకపోతే ఒక మొరటు పద్ధతుంది. చీకటి పడ్డాక ఫోన్ టార్చిని కంటి పక్కనే పెట్టుకుని పది, పదిహేను మీటర్ల ముందున్న గీత మీద వేసి చూడండి. టార్చిని నడుం దగ్గర పట్టుకుంటే ఏమీ తెలియదు, ఎందుకంటే వెలుగు తిరిగి వచ్చేది టార్చి దగ్గరికే. గీత పొడవునా ఒకేలా మెరిస్తే పని సరిగ్గా జరిగింది. పట్టీలు పట్టీలుగా నల్లగా ఉంటే పూసల పెట్టె అక్కడ మూసుకుపోయింది.

తాడిపత్రి వైపు సిమెంటు లారీల దారిలో పూసలు మంచివే ఉన్నా గీత వెలగకపోవచ్చు. పూసలకు దుమ్ము పొర కమ్ముకుని ఉంటుంది. కొత్త గీత వేయించేముందు ట్యాంకరు నీళ్లతో కడిగి, ఆరాక రాత్రి మళ్లీ చూడండి. కడిగితే వెలుగు తిరిగొచ్చే గీతకు మళ్లీ డబ్బు పెట్టనక్కర్లేదు.

కోల్డ్ ప్లాస్టిక్: ఖరీదైనది, మన ఎండలో జాగ్రత్త కోరేది

మిథైల్ మెథాక్రిలేట్ రెసిన్‌కు బెంజాయిల్ పెరాక్సైడ్ పొడి కలిపితే రసాయన చర్యతో గట్టిపడే సరుకు ఇది. బాయిలర్ ఉండదు, మంట ఉండదు. డాంబరుకూ సిమెంటుకూ రెంటికీ బాగా పడుతుంది. ఆయిల్‌కు చలించదు, ఎండకు మెత్తబడదు. ధర మాత్రం థర్మోప్లాస్టిక్ కన్నా బాగా ఎక్కువ.

రెసిన్‌కు ఈ పెరాక్సైడ్ పొడిని ఒకటి నుంచి రెండు శాతం కలుపుతారు. వేడి పెరిగేకొద్దీ పొడి తగ్గించాలి. చల్లని చోట పదీ పదిహేను నిమిషాలు పని చేయనిచ్చే సరుకు మన వేసవి మధ్యాహ్నం బకెట్‌లోనే బండరాయి అవుతుంది. అందుకే మార్చి నుంచి జూన్ దాకా ఉదయం తొమ్మిదిలోపు, ఐదు నిమిషాల్లో పరిచేయగలిగినంతే కలపాలి. డబ్బాలు నీడలో ఉంచాలి. పొడి సరిగా కలవకపోతే గీత మీద అక్కడక్కడా జిగట మచ్చలు మిగులుతాయి. అవి ఎన్ని రోజులైనా గట్టిపడవు, దుమ్ము పట్టి నల్లబడతాయి. ఆ ముక్కలు గీకి మళ్లీ వేయడం తప్ప దారి లేదు. పెరాక్సైడ్ పొడిని రేకుల షెడ్డులో, డీజిలు పక్కన పెట్టే అలవాటు ఉంటే ఈ సరుకు జోలికే పోవద్దు. వేడికి అది దానంతటదే మండగలదు.

రెండు మి.మీ. పొరకు చదరపు మీటరుకు సుమారు 4 కిలోలు. చదునుగా కాక బొబ్బలు బొబ్బలుగా వేసే పద్ధతి కూడా ఉంది. వాన పడ్డప్పుడు నీళ్లు కిందికి జారి బొబ్బల తలలు పైకి తేలి ఉంటాయి కాబట్టి తడిరాత్రి కూడా వెలుగుతాయి. చదును గీత మీద నీటిపొర పరుచుకుంటే పూసలు పనిచేయవు. పెద్దగా వాన లేని అనంతపురం మైదానం రోడ్లకు ఆ గుణం కోసం అదనంగా చెల్లించడం అనవసరం. కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాట్ లాంటి మలుపుల దారిలో మాత్రం ఆ డబ్బు దండగ కాదు. అక్కడ గీతలతో పాటు క్యాట్ ఐలు (రోడ్డులో బిగించే, హెడ్‌లైటుకు మెరిసే బొడిపెలు) కూడా పెట్టాలి. ఇంగ్లాండులో పెర్సీ షా 1934లో పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది, గీత మునిగినా ఇది కనిపిస్తుంది. పాత థర్మోప్లాస్టిక్ మీద కోల్డ్ ప్లాస్టిక్ వేయకూడదు. కింద మెత్తది, పైన గట్టిది, పగుళ్లు వచ్చి తీరతాయి.

అచ్చు ముక్కలు, టేపు

బాణాలు, అక్షరాలు, స్కూలు గుర్తులు ముందే కత్తిరించిన థర్మోప్లాస్టిక్ షీట్లుగా దొరుకుతాయి. రోడ్డు మీద పరిచి గ్యాస్ టార్చితో కరిగిస్తే చాలు. రెండు బాణాల కోసం బాయిలర్ తెప్పించే పనిలేదు. టేపు డాంబరు ఇంకా వేడిగా ఉన్నప్పుడే రోలరుతో అదిమితే బాగా నిలుస్తుంది. పాత రోడ్డు మీద అతికిస్తే మన దుమ్ముకు అంచులు లేస్తాయి. పని జరుగుతున్న చోట తాత్కాలిక మళ్లింపులకు వాడుకోండి, అంతకు మించి వద్దు.

చోటును బట్టి

పల్లె రోడ్డుకు అంచు గీతలు కావాలంటే నీళ్ల పెయింట్, పైన పూసలు. ఖరీఫ్ కోతల తర్వాత శనక్కాయలు, మొక్కజొన్న, వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు కాబట్టి ఆ కాలం దాటాక వేయించండి. పొట్టు, తొక్కల పొడి మిగిలిన రోడ్డు మీద ఏ సరుకూ నిలవదు. నల్లరేగడి ప్రాంతంలో చీపురు చాలదు. వైరు బ్రష్షుతో గీకి, కడిగి, పూర్తిగా ఒకరోజు ఆరనివ్వాలి.

పట్టణ ప్రధాన వీధి తవ్వకాల జాబితాలో లేదని రూఢి చేసుకున్నాక థర్మోప్లాస్టిక్. జీబ్రా పట్టీలకు పైన పూసలతో పాటు గరుకు కోసం క్వార్ట్జ్ (పలుగురాయి) రవ్వ కలిపి చల్లమనండి, లేకపోతే వానలో బైకులు జారతాయి. అంచు గీతను అడ్డగోడలా ఏకబిగిన వేయకుండా, నీళ్లు దాటిపోవాల్సిన పల్లాల దగ్గర కొద్ది కొద్ది సందులు వదలాలి. రెండున్నర మి.మీ. గట్టు చాలు, నీళ్లు రోడ్డు మీదే నిలుస్తాయి.

సిమెంటు రోడ్డు మీద తెల్లగీత పగలే సరిగా కనిపించదు. సున్నపు దుమ్ము తోడైతే అసలే కనిపించదు. గీతకు రెండువైపులా నల్ల అంచు వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఫ్యాక్టరీ యార్డులు, బస్ డిపోలు ఆయిల్ పడే చోట్లు కాబట్టి కోల్డ్ ప్లాస్టిక్ లేదా ఆల్కిడ్ థర్మోప్లాస్టిక్.

కడప బండలు పరిచిన పార్కింగులు, మార్కెట్ యార్డులు మన ప్రాంతపు ప్రత్యేక సమస్య. నాపరాయి నున్నన, ఏ సరుకూ లోపలికి దిగదు. పొరలుగా ఉండే రాయి కాబట్టి తడిగా ఉన్నప్పుడు గ్యాస్ టార్చి పెడితే పైపొర పెట్లి లేచే ప్రమాదం ఉంది. గ్రైండరుతో గీతంత వెడల్పు గరుకు చేసి, కడిగి ఆరబెట్టి, కోల్డ్ ప్లాస్టిక్ గానీ రెండు భాగాల ఎపాక్సీ పెయింట్ గానీ వేయండి. బండల అతుకుల దగ్గర గీత తెంపి వేయడం మంచిది. బండలు కదిలినప్పుడు గీత ఎలాగూ అక్కడే చీలుతుంది.

పని అప్పగించుకునేటప్పుడు

మందం కొలవడానికి గీత వెళ్లే దారిలో చిన్న రేకు ముక్క పెట్టండి. మిషను దాటాక తీసి వెర్నియరుతో (మందం కొలిచే పరికరం) కొలిచి, రేకు మందం తీసేస్తే గీత మందం. కాంట్రాక్టరుకు తెలిసిన చోట కాకుండా మీరు ఎంచుకున్న చోట పెట్టాలి. ఖాళీ సంచులు లెక్కపెట్టించండి. కిలోమీటరుకు 30 రావాల్సిన చోట 22 వస్తే ఇక వెర్నియరు కూడా అక్కర్లేదు. పనికి పదిహేను నిమిషాల తర్వాత కూడా టైరు అచ్చు పడుతుంటే సరుకు తప్పు గానీ, రోడ్డు మరీ కాలుతోంది గానీ. రెండో కారణమైతే ఆ పూటకు ఆపేసి మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టమనండి.

తర్వాతెప్పుడైనా గీత పెచ్చు లేస్తే దాన్ని పారేయకుండా తిరగేసి చూడండి. అడుగున మట్టి, పొట్టు అంటి ఉంటే రోడ్డు శుభ్రం చేయలేదు. అద్దంలా నున్నగా ఉంటే సరుకు చల్లబడ్డాక పోశారు, లేదా సిమెంటు మీద ప్రైమరు ఎగ్గొట్టారు. తేనెపట్టులా చిల్లులుంటే తడి రోడ్డు మీదో, ఆరని ప్రైమరు మీదో వేశారు. పాత పెయింట్ పొర దాంతో పాటే వచ్చిందంటే కింద గీకకుండానే పోశారు. ఈ నాలుగూ గీత వేసినవాళ్ల తప్పులు, గ్యారంటీ కింద ఉచితంగా మళ్లీ వేయాల్సిందే. పెచ్చుకు డాంబరు, కంకర ముక్కలు అతుక్కుని వస్తే మాత్రం గీత తన పని తాను చేసింది, ఊడింది రోడ్డు. అప్పుడు కాగితం రాయాల్సింది రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు. ఆ పెచ్చునూ, అది లేచిన చోటునూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి కాగితానికి జతచేయండి.